వీర్రాజు మిగిలినంత

ఎండలో తిరిగితే మనుషులు చెరిగిపోతారని తేలాక, పాలకొండూరు మునిసిపాలిటీ వార్డుకో ఫిక్సర్ తొట్టి కట్టించింది. ఫొటోలు కడిగేవాళ్లు వాడే ఈ ఫిక్సర్ మందులో ముంచిన ఫొటో ఇక చెరగదు కదా, మనిషీ అంతే. ఒక్కసారి మునిగితే జన్మకి చాలు. అయితే ఆడవాళ్ల క్యూ పూర్తయి మగవాళ్ల వంతు వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది. కొత్త మందు టెండరు మీద ఎవరో కోర్టుకెక్కారు.

అప్పటికి మంగతాయారు మునిగింది. ఆమె మొగుడు వీర్రాజు మునగలేదు. అతనిది ఆటో తోలే పని, ఎండన పడి తిరగక తప్పదు. ముందు ఎడమ చెయ్యి పోయింది, తర్వాత భుజం, ఆ వెనకే నడుము. బేరాలు పోతున్నాయని మంగతాయారు బెంగపడలేదు. పొద్దున్న లేచేసరికి పక్కన మనిషి ఉంటాడో లేదోనన్నదే ఆమె భయం.

మొగుణ్ణి ముంచే దారి చూడమని వెళ్తే వార్డు ఆఫీసు గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు.

"పూర్తిగా పోయాక రండమ్మా. సగం మనిషికి రూల్సులో దారి లేదు."

"పూర్తిగా పోయాక ఎవర్ని తీసుకురమ్మంటారండీ?"

"అవును, అదీ చూడాలి," అన్నాడు గుమాస్తా, నిజంగానే ఆలోచనలో పడి.

వీళ్లతో అయ్యేది కాదని మంగతాయారు ఇంట్లోనే ఫిక్సర్ చెయ్యడానికి కొంగు బిగించింది. అదేం బ్రహ్మవిద్య కాదు. హైపో అనే తెల్లటి పలుకులు, నీళ్లు ఉంటే చాలు. చేపల తొట్టిలో క్లోరిన్ విరగడానికి వాడతారు కాబట్టి రంగుచేపలమ్మే కొట్లో ఆ పలుకులు దొరికాయి. గంగాళంలో వేడినీళ్లు పోసి వాటిని కరిగించింది. కరిగేకొద్దీ నీళ్లు చల్లబడ్డాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆమెది పులుసులు కాచిన చెయ్యి. పులుపు పడందే ఏదీ దిగదియ్యబుద్ధి కాదు. అలవాటు కొద్దీ గుప్పెడు చింతపండు పిండేసింది. చూస్తుండగానే గంగాళమంతా పాలలా తెల్లబడి, అగ్గిపుల్లలు కాలిన ఘాటు కంపు వీధి చివరిదాకా కొట్టింది.

"పెళ్లయిన కాణ్ణుంచీ మొత్తుకుంటన్నాను, పులుపు తగ్గించవే అని," అన్నాడు వీర్రాజు. అప్పటికతను మొహమూ, కుడిచెయ్యీ మాత్రమే మిగిలాడు. "ఈ ఒక్కసారికైనా నా మాట ఇనవే."

మంగతాయారుకి ఏడుపొచ్చింది. ఆ నీళ్లు పారబోసి, పులుపు లేకుండా మళ్లీ కలిపింది. ఈసారి గంగాళం అడుగు స్పష్టంగా కనిపించింది.

ఇంకొక్క చిక్కు ఉంది. మునిగేటప్పుడు మొహం ఎలా ఉంటే అలాగే నిలిచిపోతుంది. మునిసిపల్ తొట్టిలో మునిగిన ఆడవాళ్లందరికీ క్యూలో నిలబడి విసిగిపోయిన మొహమే ఖాయమైంది. ఆడవాళ్ల మొహాలు మామూలుగానే అలా ఉంటాయని ఊళ్లో మగవాళ్లు అనుకుంటున్నారు. వీర్రాజు మొహం నిండా ఇప్పుడు భయం. జన్మంతా దాన్ని చూస్తూ బతకడం తన వల్ల కాదనుకుంది మంగతాయారు.

"ఓసారి నవ్వండి."

"ఎక్కణ్ణుంచొత్తాదే నవ్వు?"

"మన శోభనం నాడు పిల్లి దూకితే మంచం కిందకి దూరిందెవరండీ?"

"అది పిల్లేంటే బాబూ, పులి!" అంటూ వీర్రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపే అతన్ని గంగాళంలో ముంచేసింది. తర్వాత మచ్చలు పడకుండా కుళాయి కింద చాలాసేపు కడిగింది.

ఫిక్సర్ ఉన్నదాన్ని నిలుపుతుంది, పోయినదాన్ని తేలేదు. మొహమూ కుడిచెయ్యీ ఉంటే ఆటోకి సరిపోతాయని రవాణా శాఖ వారు లైసెన్సు ఖాయం చేశారు. వీధిలో ఆడవాళ్లు మిగిలినంత మొగుళ్లని సంచుల్లో పెట్టుకుని వచ్చారు. మంగతాయారు ఒక్కొక్కణ్ణీ నవ్వించి ముంచింది.

"ఊరందర్నీ నవ్వించావు. నువ్వూ ఓసారి నవ్వవే," అన్నాడు వీర్రాజు ఒక సాయంత్రం.

"నవ్వుతూనే ఉన్నానండీ. పైకి తెలీదు, మీరే కనిపెట్టాలి."

వీర్రాజు ఆమె మొహంలోకి అంతసేపు చూడటం అదే మొదటిసారి. అప్పట్నుంచి రోజూ ఆటో దిగగానే ఎదురుగా కూర్చుని చూస్తాడు. "ఇప్పుడు నవ్వుతున్నావు కదూ?" అంటాడు. చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు.