చదవని పుస్తకం మీద మూడు ఉపన్యాసాలు

పుస్తకం చదివాకే దాని గురించి మాట్లాడాలని ఈమధ్య కొందరు పట్టుబడుతున్నారు. సాహిత్యానికి ఇంతకంటే ప్రమాదకరమైన ఆలోచన ఇంకోటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఊరికే అనడం లేదు. బాపట్ల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక వేటపాలెం నుంచి రేపల్లె దాకా నలభై ఒక్క పుస్తకాలు ఆవిష్కరించాను. అందులో ముప్పై తొమ్మిదింటిని తెరవలేదు. వాటి రచయితల్లో ఒక్కరైనా నొచ్చుకున్నారా? చదివిన ఆ రెండింటి రచయితలే ఇప్పటికీ నాతో మాట్లాడరు.

మీరే ఆలోచించండి. చదివితే అభిప్రాయం ఏర్పడుతుంది. ఏర్పడ్డ అభిప్రాయం కడుపులో ఉండదు, మైకు కనిపించగానే బయటికొస్తుంది. సభ పాడవుతుంది, బజ్జీలు చల్లారిపోతాయి. చదవనివాడితో ఈ బాధ లేదు. అతని ప్రేమకు షరతులుండవు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2006 జూన్‌లో తెనాలిలో జరిగింది చెబుతాను.

రేపల్లెలో నబీ సాహెబ్ అని ఒక పెద్దమనిషి ఉన్నారు. కువైట్ ఓడరేవు గోదాములో పద్దెనిమిదేళ్లు పనిచేశారు. అరబ్బీ అక్కడే పట్టుబడింది. తిరిగొచ్చేటప్పుడు తోటివాళ్లు టేప్‌రికార్డర్లూ సెంటుసీసాలూ తెచ్చుకుంటే, ఆయన ఒక పాత వ్యాసాల పుస్తకం తెచ్చుకున్నారు. రాసినాయన పేరు హాషిం సయ్యాదీ. దాన్ని తెలుగులోకి తేవడానికి నబీ సాహెబ్‌కు పదకొండేళ్లు పట్టింది. పూర్తయిన ప్రతి పేజీ భార్య నాగూర్‌బీకి చదివి వినిపించేవారు. ఆమెకు చదవడం రాదు. ఆమెకు అర్థం కాని వాక్యం కొట్టేసి మళ్లీ రాసేవారు.

ఈ సయ్యాదీ, నది సముద్రంలో కలిసేచోట, మన అడవులదీవిలాంటి ఊళ్లో, చేపలు పట్టేవాళ్లింట్లో పుట్టాడు. ఆయన అక్క జైనబ్ బడి మొహం చూడలేదు. చేపలు చుట్టిచ్చే పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకుని, వీధి మొత్తానికి ఉత్తరాలు రాసిపెట్టేది. తమ్ముడు పెద్దవాడై, చేపలు ఎండబెట్టే పాకలో ఆడపిల్లలకు బడి పెట్టాడు. పెద్దలు మూయించారు. పత్రిక పెట్టాడు. ప్రభుత్వం రెండుసార్లు మూయించింది. పుస్తకానికి దణ్ణం పెట్టి బీరువాలో దాచడం కూడా దాన్ని తగలబెట్టడంలాంటిదేనని రాశాడు. ఇవన్నీ నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. సభ రోజుకి తెలిస్తే అనవసరంగా చెప్పేసేవాణ్ణి.

నబీ సాహెబ్ కొడుకు జానీకి స్టేషన్ రోడ్డులో గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేసే షాపుంది. మంచివాడు. తండ్రంటే ప్రాణం. పుస్తకం అచ్చేయించింది, తెనాలిలో హాలు మాట్లాడింది అతనే. అతని కూతురు సుమయా ఆ నెలలోనే టెన్త్ ఫస్ట్‌క్లాసులో పాసైంది. తెనాలి వెళ్లి ఇంటర్ చదువుతానంది. రోజూ రైల్లో ఆడపిల్ల ఒక్కతే ఎలా వెళ్తుంది, వద్దన్నాడు జానీ. నబీ సాహెబ్‌కు చదివించాలనే ఉంది. కానీ సంపాదించి ఇల్లు నడుపుతున్న కొడుక్కి ఎదురు చెప్పలేకపోయారు. పుస్తకం చదివితే అతనికే అర్థమవుతుందనుకున్నారు. జానీ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టీవీ పైన, అందరికీ కనపడేలా పెట్టాడు.

ఇక సభ. హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ఆధునిక అరబ్బీ రచయిత, సంఘ సంస్కర్త శ్రీ హాషిం సయ్యాదీ గారికి తెనాలి పట్టణ ప్రజల ఘన స్వాగతం.'

ముఖ్య అతిథి పూర్ణచంద్రరావు గారు ఆ ఫ్లెక్సీ చూసి లోపలికొచ్చారు. సయ్యాదీ గారు అనివార్య కారణాల వల్ల రాలేకపోయారని, ఆ సంగతి తనకు స్వయంగా ఫోన్ చేసి చెప్పారని మైకులో ప్రకటించారు. సయ్యాదీ పోయి యాభై అయిదేళ్లయిందని పుస్తకం వెనక అట్ట మీద ఉంది. కాబట్టి నాకు తెలుసు. తెలిసినా సభామర్యాద పాటించాను. తర్వాత రెండో వక్త వెంకటరత్నం గారు లేచి, ఈ మహాకవి గుండె నిండా ఎడారి ఉందన్నారు. సయ్యాదీ పద్యం ఒక్కటీ రాయలేదు, ఎడారి వైపు వెళ్లలేదు. మూడో ఉపన్యాసం నాది. ఖర్జూరం తీపి, అత్తరు పరిమళం, మన గోంగూర పులుపు, వీటిని కలుపుతూ ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడాను. ప్రతి ఇంట్లో ఈ పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా ఆచరించాలని ముగ్గురం పిలుపిచ్చాం. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది జానీ.

చివరికి వందన సమర్పణకు సుమయాను పిలిచారు. తాతగారి చేతిరాతను మూడుసార్లు ఫెయిర్ చేసింది ఆ పిల్లే. వచ్చినవాళ్లకు ధన్యవాదాలు చెప్పి, పుస్తకంలోంచి పెద్దలు ప్రస్తావించని ఒక ఉత్తరం చెబుతానంది. జైనబ్ తమ్ముడికి రాసిన ఉత్తరం. కాగితం చూడకుండా చెప్పింది.

"తమ్ముడూ, ఆడపిల్లలు చదవాలని ఊరూరా చెబుతున్నావట. చేపలు చుట్టుకొచ్చిన పేపర్లో చదివాను. దేశమంతా నీ మాట విన్నది. మన నాన్నకు మాత్రం నువ్వు ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు నాకు బడికెళ్లే వయసు దాటిపోయింది."

ఆ ఉత్తరాన్ని సయ్యాదీ తన వ్యాసంలో అలాగే అచ్చువేసి, కింద 'అక్క చెప్పింది నిజం' అని మాత్రం రాశాడని చెప్పి, మైకువాళ్లకు కూడా థాంక్స్ చెప్పి కూర్చుంది. నబీ సాహెబ్ తల ఎత్తలేదు. జానీ చేతులు ఒళ్లో అలాగే ఉండిపోయాయి.

బయట చెప్పులు వేసుకుంటుంటే జానీ నా పక్కకొచ్చాడు.

"సార్, ఆ ఉత్తరం నిజంగా పుస్తకంలో ఉందాండి? మా పిల్ల సొంతంగా కల్పించిందా?"

"ఎందుకు లేదు బాబూ! పుస్తకానికే తలమానికం," అన్నాను.

పది రోజుల తర్వాత ఆదివారం పొద్దున్నే జానీ బాపట్లలో మా ఇంటికొచ్చాడు. చేతిలో పుస్తకం. అట్టమీద నూనె మరకలు, పేజీల మధ్య స్టవ్ వాషర్ల పాకెట్ చింపిన ముక్కలు.

"మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివానండి. ఉత్తరం లేదు. మీరు చూశారుగా, ఏ పేజీలో ఉందో చూపించండి సార్."

నేను కళ్లజోడు వెతికాను. దొరికినా ఇంకాసేపు వెతికాను. ఈలోగా అతనే చెప్పాడు. తన కాపీలో నలభై ఎనిమిదో పేజీ తర్వాత అరవై అయిదు ఉందిట, నా కాపీలోనైనా ఆ పేజీలు ఉన్నాయేమోనని వచ్చాడట. బైండింగులో పదహారు పేజీల ఫారం ఒకటి మొత్తం జారిపోయింది. మూడొందల కాపీల్లోనూ అంతేనని తర్వాత తేలింది.

అక్కణ్నుంచి తిన్నగా ఇంటికెళ్లి ఆ పేజీలు ఏమయ్యాయని తండ్రిని అడిగాడట. నబీ సాహెబ్ తను అనువాదం రాసుకున్న నోటుబుక్కు తియ్యలేదట.

"ఆ పేజీల్లో ఉన్నది నేను నీకు నోటితో చెప్పాల్సిన మాట. పుస్తకం చాటున దాక్కున్నాను. పిల్లను చదివించు జానీ," అన్నారట.

కాలేజీ తెరిచిన మొదటి మూడు రోజులూ జానీ షాపు కట్టేసి, కూతురితో రేపల్లె ప్యాసింజర్లో తెనాలి వెళ్లొచ్చాడు. నాలుగో రోజు సుమయాయే, ఇక రావద్దు, కుక్కర్ల కోసం జనం ఎదురుచూస్తున్నారంది.

ఇప్పుడు చెప్పండి. మేం ముగ్గురం బాధ్యతగా చదివి ఉంటే ఏమయ్యేది? ఆ ఉత్తరం గురించి మేమే గంభీరంగా సెలవిచ్చేవాళ్లం. జానీ చప్పట్లు కొట్టి, పుస్తకాన్ని మళ్లీ టీవీ మీద పెట్టేవాడు. మేం చదవకపోవడం వల్లే ఒక మనిషి చదివాడు, ఒక అమ్మాయి రైలెక్కింది. ఇంతకంటే సాహిత్య సేవ ఏముంటుంది?

నబీ సాహెబ్ మాత్రం ఈ దృష్టితో చూడటం లేదు. సభ జరిగింది, నాలుగు పత్రికల్లో సమీక్షలొచ్చాయి, శాలువాలు కప్పారు, పదహారు పేజీలు లేవని జానీ తప్ప ఒక్కరూ అనలేదేంటని మొన్న నన్ను చాలా మర్యాదగా అడిగారు. పదకొండేళ్లు కూర్చుని రాసింది ఎవరి కోసమో తెలియడం లేదండి, అన్నారు.

ముందుమాట రాసింది నేనే. అది మాత్రం ఒక్క కామా కూడా పోకుండా అచ్చయింది. పుస్తకం చేతికి రాగానే అదొక్కటీ రెండుసార్లు చదువుకున్నాను.