మా వీధి గుంతలే లోకానికి రక్ష

రోడ్లు తవ్వేవాళ్ళను తిట్టేవాళ్ళంతా నా దృష్టిలో లోకద్రోహులు! అవును, మీరు కూడా. మొన్న గుంతలో పడి మోకాలు చెక్కుకుపోయిందని రోడ్ల శాఖను దుమ్మెత్తిపోశారే, ఆ గుంతే మీ ప్రాణం కాపాడుతోందని మీకు తెలుసా?

తెలీదు. నాకు తెలుసు కాబట్టే కాలమ్ నేను రాస్తున్నాను, మీరు చదువుతున్నారు.

మా వీధి కింద ఆదికాలం నుంచి ఒక మహాభూతం నిద్రపోతోంది. ఈ మాట మా పై పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ చరిత్ర మాస్టారు ఎప్పటినుంచో చెబుతున్నారు. అది లేచిందంటే నేల నోరు తెరుస్తుందట, కుళాయిలు ఎండిపోతాయట, దీపాలు ఆరిపోతాయట, దుమ్ము సూర్యుణ్ణి మింగేస్తుందట, మనుషులకు గడప దాటే దారి ఉండదట. పెన్షన్ తీసుకునే మనిషి అబద్ధం చెబుతాడా?

మరి ఇన్నాళ్ళూ అది ఎందుకు లేవలేదు? చప్పుడు వల్ల! మా నాన్ననే తీసుకోండి. టీవీ గొంతు చించుకుంటుంటే ఎదురుగా కూర్చుని హాయిగా గురకపెడతారు. పాపమని ఆపామా, "చూస్తున్నాగా, ఎవడ్రా ఆపింది?" అంటూ లేచి కూర్చుంటారు. భూతమూ అంతే. నీళ్ళ పైపుల వాళ్ళు, కరెంటు వాళ్ళు, కేబుల్ వాళ్ళు వంతులేసుకుని నెత్తిన డ్రిల్లింగ్ చేస్తూ ఇన్నాళ్ళూ దాన్ని జోకొట్టారు. ఎంత ముందుచూపు!

ఇంతలో ఘోరం జరిగిపోయింది. మా వీధికి కొత్త రోడ్డేశారు!

నున్నటి తారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అందరికన్నా ఎక్కువ సంబరపడింది మా వదిన. వీధి మధ్యలో ఆమెకు టైలరింగ్ షాపుంది. గుంతలు దాటి ఎవరూ రాక, ఇన్నాళ్ళూ ఈగలు తోలుకుంటూ కూర్చున్న మనిషి. రోడ్డు పడగానే బోర్డుకు రంగు వేయించింది, కుట్టుమిషన్‌కు నూనె పోసింది. గౌన్లు కుట్టించుకునేవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. "ఇంకొక్కసారి తవ్వారంటే షట్టర్ దించి వెళ్ళిపోవడమే మరిదీ, ఇక నావల్ల కాదు" అంది.

ఆ వారంలోనే షాపులో గచ్చు కదిలింది. కత్తెర బల్ల మీద తనంతట తాను నడుచుకుంటూ వెళ్ళి కిందపడింది. బయట మ్యాన్‌హోల్ మూత పైకి లేచి, వేడి వేడి ఆవలింత ఒకటి వచ్చింది. వేలాడదీసిన గౌన్లన్నీ ఎదురింటి మేడెక్కాయి.

"లేస్తోందయ్యా, లేస్తోంది!" అని మాస్టారు బాల్కనీలోంచి కేకేశారు.

"వదినా, రోడ్డు తవ్వించాలి" అన్నాను.

వదిన నా వంక చూసింది, షాపు వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, అబద్ధమెందుకు? "లోకమే లేకపోతే గౌన్లెవరు వేసుకుంటారులే, పద" అంటూ చెప్పులేసుకుంది.

అలా మొదలైంది మా మహాయాత్ర! మాస్టారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆశీర్వదించి పడుకున్నారు. ఏడు సముద్రాలు దాటలేదు గానీ రెండు బస్సులు మారాం. రాక్షసులతో పోరాడలేదు గానీ, "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అనే అటెండర్‌ను జయించాం. చివరికి నీళ్ళ శాఖ ఇంజనీరు దర్శనమైంది.

"సార్, లోకం మునిగిపోతోంది. అర్జెంటుగా మా వీధి తవ్వాలి!"

ఆయనేం కంగారు పడలేదు. "రోడ్డు పాతదా, కొత్తదా? పాతదైతే మేం ముట్టుకోం."

"కొత్తదే సార్. ఇంకా చెప్పులకు అంటుకుంటోంది."

"ఆ మాట ముందే చెప్పరేం! తారు ఆరకముందే దిగిపోవడం మా పద్ధతి. మెషిన్ ఈపాటికి మీ వీధిలోనే ఉంటుంది, ఇంటికెళ్ళండి."

చూశారా? అడక్కముందే లోకాన్ని కాపాడే శాఖ ఇంకెక్కడైనా ఉందా? ఇలాంటివాళ్ళనా మీరు తిట్టేది!

మేం తిరిగొచ్చేసరికి వీధి నిలువునా చీలి ఉంది. పైపు పగిలి ఇళ్ళల్లో కుళాయిలు ఆగిపోయాయి. వైరు తెగి కరెంటు పోయింది. దుమ్ములో మిట్టమధ్యాహ్నమే ఎదురిల్లు కనబడటం లేదు. నా ఛాతీ గర్వంతో ఉప్పొంగింది!

షాపుకూ వీధికీ మధ్య నిలువు లోతు గొయ్యి. వదిన దాని మీద వేసిన చెక్క పలక మీద ఊగుతూ అటు వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. కొత్త రంగు బోర్డు కింద నిలబడి, షట్టర్ కిందికి లాగి తాళం వేసింది.

"బాధపడకు వదినా, భూతం మళ్ళీ నిద్రపోయింది" అన్నాను.

వదిన ఒక్కో వేలూ మడుస్తూ పోయింది. "నేల నోరు తెరిచింది. కుళాయిలు ఎండాయి. దీపాలు ఆరాయి. దుమ్ము సూర్యుణ్ణి మింగింది. గడప దాటే దారి లేదు." తాళంచెవి నా చేతిలో పెట్టింది. "అది ఎప్పుడో లేచింది మరిదీ. కాంట్రాక్టు కూడా దానికే ఇచ్చారు."