నాలుగోసారి పాస్

అత్యవసర ఫోన్ల నెట్‌వర్క్‌లో ఇకపై ఒక్క టెస్టు కూడా ఫెయిల్ కాబోదని సమాచార శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఎందరో నిపుణులు తలలు పట్టుకున్న చిక్కుముడిని ఆయన టీ చల్లారేలోపు విప్పేశారు. మహానుభావుల సంగతే వేరు.

ఆ చిక్కుముడిని మోసుకొచ్చిన టెస్టింగ్ ఇంజనీరమ్మ ఫైలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఒక లైను తెగితే కాల్ రెండో లైనుకు మారాలి. మారుతుందో లేదో కంప్యూటరు తనంతట తానే టెస్టు చేస్తుంది. ఆ టెస్టు నాలుగుసార్లలో ఒక్కసారే పాసవుతోంది.

"మరి పాసవుతోందిగా?" అన్నారు మంత్రిగారు.

"మిగతా మూడుసార్లు కాల్ గాల్లో కలిసిపోతోందండి. తప్పెక్కడుందో వెతకడానికి రెండు నెలలు ఇప్పించండి."

"చూడమ్మా, నేను ఎన్నికల్లో మూడుసార్లు ఓడి నాలుగోసారి గెలిచాను. ఆ మూడింటి గురించి ఇప్పుడెవరైనా అడుగుతున్నారా?"

"లేదండి."

"నాకున్న హక్కు టెస్టుకి ఉండదా? పాసయ్యేదాకా నడపండి. పాసవగానే ఆపెయ్యండి."

పక్కనున్న పీఏకి కళ్లు చెమర్చాయి. ఫెయిలైన ఫలితాలను ఇకపై 'ప్రచార దశ' అని రాయాలని అక్కడికక్కడే ఉత్తర్వు టైపు చేయించాడు. సాయంత్రానికి ఆఫీసులో తెరలన్నీ 'పాస్' అంటూ పచ్చబడ్డాయి.

ఇక ప్రారంభోత్సవానికి ఇంజనీరమ్మ సంతకం ఒక్కటే తక్కువ. పీఏ అడిగాడు, పెట్టనంది. కుర్చీ వేసి అడిగాడు, పెట్టనంది. ఇంట్లో ఆయాసంతో బాధపడుతున్న ఆమె అమ్మకి ఈ అత్యవసర నంబరే దిక్కు. నాలుగోసారి కలిసేదాకా అమ్మ ఊపిరి నిలుస్తుందా అని ఆమె భయం. ప్రమోషన్ ఇస్తామన్నాడు, అయినా పెట్టనంది. నాలుగోసారి బదిలీ కాగితం చూపించాడు. అమ్మను చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేరు. సంతకం పెట్టింది గాని, పెట్టిన చెయ్యి చూసుకుంటే ఆమెకే సిగ్గేసింది.

"మేడమ్ కూడా నాలుగోసారి పాస్ సార్," అని పీఏ ఫోన్లో మంత్రిగారికి శుభవార్త చెప్పాడు.

ప్రారంభోత్సవం రోజు వేదికకు గుంజలు పాతుతూ కూలీలు ఒక లైను తెగ్గొట్టారు. ఉపన్యాసం నలభయ్యో నిమిషంలో మంత్రిగారు కళ్లు తిరిగి పడిపోయారు. పీఏ కొత్త నంబరుకు ఫోన్ చేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ చేశాడు.

"ప్రచార దశే సార్, కంగారు పడకండి," అని నేలమీదున్న మంత్రిగారికి ధైర్యం చెప్పాడు.

మూడోసారీ అంతే. నాలుగోసారి కలిసింది, అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ వెళ్తుంటే వెనక తెరమీద 'నూటికి నూరు శాతం విజయం' అని పచ్చటి అక్షరాలు వెలిగాయి.

వారంలో కోలుకున్న మంత్రిగారు, తనను బతికించింది తన విధానమేనని ప్రకటించారు. ఆ మధ్యాహ్నమే తన ఇంటి గేటు దగ్గర ఒక అంబులెన్సును శాశ్వతంగా నిలబెట్టించి, తనిఖీకి ఇంజనీరమ్మను పిలిపించారు.

"ఎన్నోసారికి స్టార్టవుతుంది?" అని డ్రైవర్ని అడిగారు.

"మొదటిసారికే సార్."

"ఏదీ, వందసార్లు చేసి చూపించు. అమ్మా, నువ్వు దగ్గరుండి లెక్కపెట్టు."

ఇంజనీరమ్మ కాగితం తీసి, "మధ్యలో ఎప్పుడైనా ఆగితే ప్రచార దశ అని రాయమంటారా అండి?" అని అడిగింది.

"ప్రాణాలతో ఆటలేంటమ్మా?" అని మంత్రిగారు కసురుకున్నారు.