మూడోసారి అడిగిన పిచర్

నవ్వితే నవ్వండి గానీ, ముందు మీకూ ఒక్కగానొక్క కొడుకున్నాడనుకోండి. వాడి కుడి మోచేతికి రెండేళ్ల కిందట ఆపరేషన్ అయిందనుకోండి. ఆ పైన వాడి తండ్రే ఊరి బేస్‌బాల్ జట్టుకి మేనేజరనుకోండి. ఇప్పుడు నవ్వండి చూద్దాం.

జనవరిలో మా మిన్నెసోటా ఆటగాళ్లంతా గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పడుతుంటారు. మంచు పగిలి మునిగిపోతారేమోనన్న భయం నాకెలాగూ ఉంటుంది. ఈ ఏడు దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. మా ఆయన ఎల్డన్ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. 'రిలీఫ్ పిచర్' అని రాసి, కింద ఒకే ఒక్క పేరు: ట్రెంట్.

రిలీఫ్ పిచర్ అంటే ఏమిటో పిచర్ల తల్లులకి తెలుసు. మొదట బంతి వేసినవాడు చేతులెత్తేశాక, మూడు బేసుల మీదా ఎదుటి జట్టువాళ్లు నిలబడి ఇకిలిస్తుంటే అప్పుడు దిగాలి. అంటే ఇల్లంటుకున్నాక లోపలికి పంపే మనిషి. కిందటేడు ఆ పని చేసినవాడు పెళ్లి చేసుకుని అత్తగారి ఊరి జట్టులో చేరిపోయాడు. తెలివైనవాడు.

"ఏవండీ, ఈ ట్రెంట్ మన ట్రెంటేనా?"

"ఊళ్లో ఇంకో ట్రెంట్ ఉంటే చెప్పు, వాణ్నే పిలుస్తాను."

"వాడి మోచెయ్యి?"

"పూర్తిగా నయమైందన్నాడుగా డాక్టరు."

"ఆయనకేం, చెయ్యి ఆయనది కాదు."

"ఆదివారం జట్టు కమిటీ కూర్చుంటుంది. ఆలోపు ఇంకెవరైనా దొరికితే వీడి పేరు కొట్టేస్తాలే," అని పేపరు తిరగేశాడు.

నాకు ఒకచోట కాలు నిలవలేదు. కడిగిన పళ్లేలే మళ్లీ కడిగాను. మొదటి బంతికే మోచెయ్యి పుటుక్కుమంటుంది. రెండో బంతి బ్యాటుకి తగిలి తిన్నగా వాడి నుదుటి మీదికే వస్తుంది. అంబులెన్సుని పిలుస్తాం, దానికి ఎవరిదో ట్రాక్టరు అడ్డం వస్తుంది. అంబులెన్సు దాకా వచ్చేసరికి నాకు వెర్లిన్ స్కోగ్ గుర్తొచ్చాడు.

వెర్లిన్‌కి నలభై ఒకటి. ఎడమచేతి వాటం పిచర్. ఏదడిగినా ముందు వద్దులే అంటాడని ఊరంతా 'వద్దులే వెర్లిన్' అని పిలుస్తారు. ఆగస్టులో ఆట మధ్యలో ఎల్డన్ బయటికి పంపేశాడని అలిగి జట్టు మానేశాడు.

"వెర్లిన్‌ని అడగలేకపోయారా?"

"అక్టోబరులో ఇంటికెళ్లి అడిగాను. రెండుసార్లు వద్దన్నాడు."

"మూడోసారి?"

"నడి ఆటలో బయటికి పంపేసినవాణ్ని. మూడోసారి అడగడానికి మొహం ఎక్కడుంది నాకు?"

ఇదండీ మగాళ్ల తెలివి. మా ఊళ్లో రెండుసార్లు వద్దనడం మర్యాద. కాఫీ ఇస్తామన్నా అంతే, కిడ్నీ ఇస్తామన్నా అంతే. మూడోసారి అడిగితేనే అడిగినట్టు. రెండు దగ్గర ఆగారంటే, ఇవ్వడం ఇష్టం లేక ఆగారని అర్థం.

మర్నాడు మాంసం, బంగాళాదుంపలు వేసి ఓవెన్‌లో ఓ గిన్నెడు వండి వెర్లిన్ ఇంటికని కారెక్కాను. మంచులో ఇరుక్కుపోతానేమోనని రెండు దుప్పట్లు, పార, కొవ్వొత్తి, ఇసుక బస్తా కూడా వేసుకున్నాను. ఎనిమిది మైళ్లకి గంట పట్టింది. నా వెనక పద్నాలుగు కార్లు ఊరేగింపుగా వచ్చాయి.

"వద్దులేమ్మా, ఇప్పుడే తిన్నాను," అన్నాడు వెర్లిన్ గిన్నె చూసి. ఇంకో రెండుసార్లు అడిగాక సగం గిన్నె ఖాళీ చేశాడు.

అప్పుడు అసలు మాట తీశాను. "వెర్లిన్ గారూ, ఎండాకాలం మా జట్టుకి మళ్లీ బంతి వెయ్యాలి మీరు."

"వద్దులేమ్మా. కుర్రాళ్లున్నారుగా."

"కుర్రాళ్లకి మీ చెయ్యి ఎక్కడిది?"

"వద్దులే. నాకు వయసైపోయింది."

మూడోసారి అడిగాను. "మా వాడి మోచెయ్యి మీ చేతుల్లో ఉంది. వెయ్యండి."

ఆయన మిగతా సగం గిన్నె కూడా దగ్గరికి లాక్కున్నాడు. "మీకు మరీ అంత ఇబ్బందైతే వేస్తాను," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఎల్డన్ మూడోసారి అడుగుతాడని, ఆ రోజు కాఫీ కూడా పెట్టాను. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు," అన్నాడు.

నేను కళ్లు తుడుచుకునేలోపే ఇంకో మాటన్నాడు. "చలికాలమంతా చెయ్యి ఆడిస్తుండాలి. ఎదురుగా కూర్చుని బంతి పట్టే క్యాచర్ కావాలి. మీ ట్రెంట్‌ని పంపండి."

గంటకి ఎనభై మైళ్ల బంతి. నా కొడుకు ముక్కు. ఆలోచించకుండానే నోరు జారాను. "వాడెందుకు, నేను పడతాను."

శనివారం మా ట్రాక్టరు షెడ్డులో ముహూర్తం. చలికోటు లోపల దిండు, కోటు మీద క్యాచర్ కవచం, మొహానికి ఇనప ముసుగు. పాల బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. మొదటి బంతికి కళ్లు మూసుకున్నాను. అది వెనక విత్తనాల బస్తాలో దిగబడింది. రెండోది చేతి తొడుగులోనే పడింది గానీ, బంతితో పాటు నేనూ బకెట్టు మీంచి వెల్లకిలా పడ్డాను.

తలుపు దగ్గర ట్రెంట్ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మా, లే. వేలు విరిగితే? తలకి తగిలితే? అంబులెన్సుకి ఏ ట్రాక్టరో అడ్డం వస్తే?"

"ఏం కాదురా."

"ఏం కాదని నువ్వంటున్నావా?" అని ముసుగు లాక్కుని, బకెట్టు పక్కకి తన్ని, తనే గొంతుక్కూర్చున్నాడు. వెర్లిన్ బంతి వేశాడు. ఫట్‌మని వాడి తొడుగులో పడింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఫట్.

ఎల్డన్ వచ్చి నన్ను లేపి కోటు దులిపాడు. ఆయనకి ఆశ్చర్యమేమీ ఉన్నట్టు లేదు.

"వాడి చేత బంతి వేయించాలని మీకసలు లేదు కదూ?" అన్నాను.

"ఆ మోచెయ్యంటే నాకూ భయమే మార్లిస్. కానీ వెర్లిన్‌ని మూడోసారి అడగాలంటే నాకంటే ఎక్కువ భయపడే మనిషి కావాలి."

"మరి క్యాచర్?"

"అది మాత్రం నేను అనుకోలేదు. ఒకణ్ని అడిగితే ఇద్దర్ని తెచ్చావు."

దిండు తీసి చంకలో పెట్టుకున్నాను. ట్రెంట్ లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. వేసవంతా ఇలాగే చేస్తాడు కాబోలు.

నిన్నటిదాకా నా బెంగంతా ఒక్క మోచెయ్యి మీదే. మోకాళ్లు రెండు.