డాక్టరు గారు ఉంచుకోమన్నారు

ఆ శనివారం పొద్దున అనుకున్న పని చిన్నదే. టిఫిన్ తిని, రాఘవమ్మ తమ్ముడు ఉదయ్ భాస్కర్ కారులో సత్తుపల్లి నుంచి భద్రాచలం వెళ్లి, దర్శనం చేసుకుని చీకటి పడకముందే తిరిగి రావడం. రాఘవమ్మ వంటింట్లో పల్లీల చట్నీ తిప్పుతోంది. హాల్లో భర్త వెంకటరామారావు ఫోను స్పీకర్లో పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మిక్సీ ఆగినప్పుడల్లా అవతలి గొంతు ముక్కలుగా వినబడింది.

"...హేమా..."

మిక్సీ తిరిగింది.

"...చాలా ఏళ్ల నుంచే ఉండి ఉంటది..."

రాఘవమ్మ మిక్సీ పూర్తిగా ఆపేసింది.

"భయమేం లేదు, ఉంచుకోవచ్చు. ఆర్నెల్లకోసారి చూసుకుంటే చాలు."

"చల్లని మాట చెప్పారండీ. మా ఇంట్లో మాత్రం తెలియనియ్యకండి," అని వెంకటరామారావు ఫోను అక్కడే పెట్టి, కూనిరాగం తీస్తూ స్నానానికి వెళ్లాడు.

కారు తెచ్చిన తమ్ముడికి గుమ్మంలోనే కబురు అందింది.

"మీ బావ హేమ అనేదాన్ని ఉంచుకున్నడురా."

"బావనా? కుర్చీ జరపాలన్నా నిన్నడుగుతడు గదక్కా!"

"ఆర్నెల్లకోసారి చూసొస్తడంట."

"ఆర్నెల్లకోసారేంది? గదేం ఉంచుకునుడు?"

సరిగ్గా అప్పుడే పక్కింటి హేమ్లి గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె బ్యాంకు ఉద్యోగి. పాలు తోడు పెట్టడానికి కాస్త మజ్జిగ కావలసి వచ్చింది. ఆమె పేరులోనూ హేమ ఉందని తట్టి అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎన్నేండ్ల సంది నడుస్తుంది?" అంది రాఘవమ్మ.

"ఏందక్కా?"

"నీకూ మా ఆయనకూ."

హేమ్లి గిన్నె బల్ల మీద పెట్టింది. "ఉన్న ఒక్కన్నే సంబాళించలేక సస్తున్న. మీ సారును గూడ యాడ పెట్టుకోవాలె నేను? బీరువాలనా?"

మాట వీధి దాటేలోపు తేల్చేయాలని ఉదయ్ భాస్కర్ బావ ఫోను తీసి, చివరి నంబరు నొక్కి స్పీకర్లో పెట్టాడు.

"ఎవరయ్యా నువ్వు? సంసారిని పట్టుకొని ఉంచుకోమని సలహాలిస్తున్నవ్?"

"నేను ఖమ్మం నుంచి డాక్టర్ మురళీకృష్ణనండీ. ఉంచుకోమన్నది ఆయన లివర్లో ఉన్న గడ్డను. హెమాంజియోమా."

తల తుడుచుకుంటూ వచ్చిన వెంకటరామారావు తువ్వాలుతో అక్కడే నిలబడిపోయాడు. "కడుపుబ్బరమని పోతే స్కానింగుల కనపడ్డది. చెప్తే నువ్వు ఏడుస్తవని..."

రాఘవమ్మ కుర్చీలో కూలబడింది. "హేమ అయితేనే బాగుండు దేవుడా! మనిషినైతే తరిమేద్దును. గడ్డనెట్ల తరమాలె?"

హేమ్లి వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

"అమ్మా, కొంచెం వినండి," అన్నాడు డాక్టరు. "రక్తనాళాలు ముద్దగా అల్లుకుంటే దాన్నే అట్లా అంటాం. చాలామందికి ఉంటుంది, ఉన్నట్టే తెలియదు. మందెక్కించి సీటీ స్కాన్ తీస్తే ఆ మందు గడ్డలో అంచుల నుంచి మధ్యకు మెల్లగా నిండింది. క్యాన్సర్ కాదని దాంతో తేలింది. ఆ ఉబ్బరం గడ్డ వల్ల కాదు, బజ్జీల వల్ల."

"కొయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పెరిగితే?"

"అందుకేగా మళ్లీ చూస్తానన్నది."

రాఘవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. హేమ్లి గిన్నెలో మజ్జిగకు బదులు గడ్డపెరుగే నింపి ఇచ్చింది. తరువాత భర్త కడుపు వంక కాసేపు చూసింది.

"సరే, ఉండనియ్యండి."

ముప్పై ఏళ్ల కాపురంలో వెంకటరామారావు ఇంటికి తెచ్చినవాటిలో ఆమె వంక పెట్టకుండా ఉండనిచ్చింది అదొక్కటే.