నొప్పి లేదని తెర చెప్పింది

ఎదురింటావిడ గోడమీంచి మా ఆవిడ చెవిన వేసిన కబురిది: మన వీధి పళ్ళ డాక్టరు ఈమధ్య నోట్లోకంటే కంప్యూటర్లోకే ఎక్కువ చూస్తున్నాడట! "నోరు మూసుకునే చేయించుకునే వైద్యమట వదినా, అన్నయ్యగారికైతే కష్టమే" అని కూడా అందట.

ఆవిడ వేళాకోళానికే అన్నా, నేను మాత్రం గంభీరంగానే అంటున్నాను. మానవజాతికి ఇంతకు మించిన మేలు లేదు!

మీరే ఆలోచించండి. పంటికి వేసిన తొడుగు గట్టిదో కాదో తెలియాలంటే ఇదివరకు మనమే కొరికి చూడాల్సివచ్చేది. ఎంత అనాగరికం! ఇప్పుడో? తెరమీద ఒక దవడ ఉంటుంది. మీట నొక్కితే బాదంపప్పు, ఐసుముక్క, ఏదంటే అది కొరికేస్తుంది. ఒత్తిడి తక్కువైన చోట నీలం, ఎక్కువైన చోట ఎరుపు. ఇనుప గుగ్గిళ్ళు పెట్టినా అమ్మా అనదు, అబ్బా అనదు. పేషెంటంటే అలా ఉండాలి!

ఈ పద్ధతి అన్నిటికీ పాకితే ఎంత హాయి! కొత్తచెప్పు కరిచిందా? తెరమీది కాలు నీలంగా ఉంటే కరవనట్టే. కూర ఉప్పుకషాయమా? తెరమీది నాలుక సరేనంటే మనం లొట్టలెయ్యాల్సిందే. మొన్న ఆఫీసులో కుర్చీ విరిగి వెల్లకిలా పడ్డాను. కంప్యూటర్నడిగి ఉంటే, అసలు పడనేలేదని తేలిపోయేది.

ఇంతటి సైన్సుకు అడ్డం తిరిగింది మా మేనత్త. కుడివైపు దవడపన్నుకు కొత్త తొడుగు వేయించుకున్నప్పటినుంచీ ముద్ద నమిలితే ప్రాణం పోతోందంటుంది. పాలలో నానేసిన రొట్టె తప్ప మరోటి ముట్టదు. మనిషి సగమైంది. తొడుగు మార్పించాలని పట్టుబడితే వెంటబెట్టుకెళ్ళాను.

డాక్టరు తెర మావైపు తిప్పాడు. దవడంతా నీలమే!

"చూశారా మామ్మగారూ, బరువు రెండుపక్కలా సమానంగా పడుతోంది. నొప్పి పుట్టే అవకాశమే లేదు. మార్చక్కర్లేదు, అదే అలవాటవుతుంది."

"విన్నావా అత్తా? నీకు నొప్పి లేదు" అన్నాను నేను, చదువుకున్నవాణ్ణి కదా!

అత్త కళ్ళజోడు ఎగదోసుకుని తెరమీదికి వంగింది.

"నా ఎడంపక్క పళ్ళు రాలిపోయి ఏళ్ళయింది నాయనా. ఒంటెద్దు బండిలా అంతా కుడిపక్కే ఈడుస్తున్నా. మరి ఈ బొమ్మలో ఎడంపక్క నిగనిగలాడుతున్నాయే, ఇవి ఎవరి పళ్ళు?"