బావగారి గాటు దిమ్మ

ఆ పొద్దున బావ వేసుకున్న పథకం చాలా చిన్నది: పదింటికల్లా యంత్రాన్ని సరిచూసుకుని, మధ్యాహ్నానికి మిగిలిన ఇరుసులు పాస్ చేసి లారీని పంపించడం. కడుపులో బిడ్డను చూసినట్టు ఇనుము లోపలి పగుళ్ళను స్కానింగ్‌లో చూడడం ఆయన ఉద్యోగం. అదే వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే బావమరిది మాత్రం ఆయన్ను కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి అంటాడు. పన్నెండేళ్ళుగా తన ప్రతి అతుక్కీ ఏదో ఒక వంక పెట్టిన బావ నోట, ఒక్కసారి "బాగుంది" అన్న మాట వినాలన్నది అతని కోరిక. పాపం, పెద్ద కోరికేమీ కాదు.

యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి బావ బల్ల మీద ఒక ఇనుప దిమ్మ ఉంటుంది. దాని అడుగున కావాలనే పెట్టిన సన్నని గాటు. పైనుంచి స్కాన్ చేస్తే అది తెర మీద కనబడాలి. ఆ రోజు కనబడలేదు. వైరు మార్చాడు. జెల్ మార్చాడు. పక్క గదిలోంచి ఇంకో యంత్రం తెచ్చాడు. అదీ గుడ్డిదే. ఆయనకు తెరను చూడడమే తప్ప దిమ్మను తిప్పి చూసే అలవాటు లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మేనేజరు వచ్చాడు. "అయితే నిన్న పాసైనవి కూడా అనుమానమేగా?"

నిన్న లారీ ఎక్కిన నలభై ఇరుసులూ దిగాయి. వర్క్‌షాపు ఆగింది. నిన్నటివే ఏమిటి, బావకు తన పన్నెండేళ్ళ తీర్పులన్నీ అనుమానంగానే తోచాయి. బావమరిదిని పిలిపించాడు.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నీ పనికి నేను పెట్టిన వంకలు ఈ యంత్రాలవేనేమోరా! అనవసరంగా నిన్ను ఉసూరుమనిపించాను. మనసులో పెట్టుకోకు."

బావమరిది కళ్ళు చెమర్చాయి. "అంత మాటెందుకు బావా! నా తప్పులూ ఉన్నాయిలే. చివాట్లు తినడానికి తప్ప నీ గదికి రాను కదా, నిన్న సాయంత్రం నువ్వు లేనప్పుడొచ్చా. బల్ల మీద ఈ దిమ్మ, కింద గాటు. నేను చెడగొట్టిన ముక్కేదో నలుగురికీ చూపించడానికి పెట్టుకున్నావనుకున్నా. పరువు పోతుందని వెల్డింగ్ చేసి, నున్నగా అరగదీసి, రంగు కూడా వేశా."

బావ దిమ్మను తిరగేశాడు. గాటు జాడే లేదు. రెండు యంత్రాలు పొద్దుటినుంచీ వెతికినా వంక దొరకని అతుకు అది. "బాగుంది" అనబోయాడు. అంతలో యంత్రాలు మంచివేనని, తన పాత తీర్పులన్నీ నిజమేనని తట్టింది. మేనేజరు కేకలు మొదలుపెట్టాడు. ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. అప్పుడే అనేయాల్సిందని ఆయన ఇప్పటికీ బాధపడతాడు.

ఆ రోజు మాత్రం బావమరిది చూస్తుండగానే బావ ఆ దిమ్మకు తనిఖీ ఫారం నింపాడు. "పనికిరాదు. కారణం: ఏ లోపమూ లేదు."